బురద పుంత, తారు రోడ్డు, మధ్యలో ఒక మీట

మా రొయ్యల చెరువులు సఖినేటిపల్లి మండలంలో, సముద్రం వైపున ఉన్నాయి. తారు రోడ్డు దిగిన తరువాత మకాం చేరుకోవడానికి సుమారు కిలోమీటరు పొడవున్న పుంత దారి తప్ప మరో మార్గం లేదు. వేసవిలో ఆ నేల గచ్చులా గట్టిపడి సైకిలు కూడా హాయిగా పోతుంది. ఒక్క పెద్ద వాన పడితే మాత్రం పైన జానెడు లోతు జిగురు అడుసు, దాని అడుగున ట్రాక్టర్లు కోసిన గాడులు, రెండు పక్కలా నీళ్లు నిండిన బోదెలు. ఆ దారిని దృష్టిలో పెట్టుకునే నేను 2012లో తయారైన డీజిలు ఫోర్ వీల్ డ్రైవ్ బండిని పాతది కొన్నాను. అందులో చక్రం పట్టు తప్పి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, బండి అడ్డంగా జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ రెండూ ఉన్నాయి. వాటిని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ఆపకూడదో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లలో ఒకసారి నా కుటుంబాన్ని కాలువ అంచు దాకా తీసుకువెళ్లాను. ఇటువంటి బండి, ఇటువంటి నేల ఉన్నవారు మన గోదావరి డెల్టాలో చాలామంది ఉన్నారు కనుక తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

కొన్న మొదటి ఏడాది ఆగస్టులో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు అడుగంటుతోందని కాపలా కుర్రవాడు ఫోను చేశాడు. రొయ్యల సాగు చేసేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు: ఏరేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లవారేసరికి పంట మొత్తం గట్టువార తేలుతుంది. డీజిలు క్యాన్లు వేసుకుని బయలుదేరాను. పుంతలో సగం దూరం పోయాక మలుపు దగ్గర ఎడమ వెనక చక్రం గాడిలోకి జారింది. బయటికి లాగుదామని యాక్సిలరేటరు తొక్కితే ఇంజను జోరు పెరగడానికి బదులు తగ్గిపోయింది. డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ ఉన్న పసుపు దీపం మిణుకుమిణుకుమంది, కింద బ్రేకులు పట్టి వదులుతున్న కరకర శబ్దం వినిపించింది, బండి ఉన్నచోటనే దిగబడిపోయింది. ఎంత తొక్కినా అంతే. చివరకు కుర్రవాడూ నేనూ క్యాన్లను భుజాన వేసుకుని మోకాటి లోతు బురదలో నడిచి వెళ్లి జనరేటరు ఆగకుండా చూసుకున్నాము. బండిని మర్నాడు ఉదయం ట్రాక్టరుతో లాగించవలసి వచ్చింది.

ఆ రాత్రి బండి చేసింది తప్పు కాదు, అది తనకు నేర్పిన పనినే చేసింది. ట్రాక్షన్ కంట్రోల్ నాలుగు చక్రాల వేగాన్నీ విడివిడిగా కొలుస్తూ ఉంటుంది. ఒక చక్రం మిగిలిన వాటికంటే వేగంగా తిరిగితే అది పట్టు కోల్పోయిందని గ్రహించి రెండు పనులు చేస్తుంది: ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది, ఇంజను శక్తిని తగ్గిస్తుంది. తడిసిన తారు మీద ఈ రెండూ మేలే. మన నల్లరేగడి అడుసులో రెండవది హాని చేస్తుంది. జిగురు మట్టి టైరు గాట్లలో నిండి టైరును నున్నటి దుంగలా మార్చేస్తుంది. చక్రం కొంత వేగంగా తిరిగి ఆ మట్టిని విసిరికొడితేనే గాట్లు తెరుచుకుని అడుగున ఉన్న గట్టి నేలను పట్టుకుంటాయి. అక్కడ చక్రం గిరగిర తిరగడం అవసరం, దాన్ని ఆపడమే ట్రాక్షన్ కంట్రోల్ ఉద్యోగం.

స్టెబిలిటీ కంట్రోల్ దీనికంటే లోతైనది. 1995లో బాష్ సంస్థ, మెర్సిడెస్ బెంజ్ కలిసి దీనిని ఈఎస్‌పీ అనే పేరుతో మొదట పెద్ద కార్లలోకి తెచ్చాయి. తరువాత టయోటా వీఎస్‌సీ అనీ, బీఎండబ్ల్యూ డీఎస్‌సీ అనీ, హోండా వీఎస్ఏ అనీ పిలిచినా పని ఒకటే. స్టీరింగు ఎంత కోణంలో తిప్పారో కొలిచే సెన్సారు మీరు ఎటు పోదలచారో చెబుతుంది. బండి మధ్యలో ఉండే మరో సెన్సారు అది నిజంగా ఎటు తిరుగుతోందో, ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. ఈ రెంటినీ కంప్యూటరు సెకనుకు 25 సార్లు పోల్చి చూస్తుంది. తిప్పినంతగా బండి తిరగకపోతే లోపలి వైపు వెనక చక్రానికి, తోక జారిపోతూ ఉంటే బయటి వైపు ముందు చక్రానికి బ్రేకు వేసి దారిలోకి తెస్తుంది. ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేయడం ఎంత నేర్పరి డ్రైవరుకైనా సాధ్యం కాదు, ఎందుకంటే మన కాలి కింద ఉన్నది ఒకే పెడలు.

అయితే గాడి పడ్డ పుంతలో స్టీరింగు ఒకవైపు ఉంటే బండి గాడి వెంట మరొకవైపు పోతుంది. అడుసులో బండి నడపడం వచ్చినవారు పట్టు కోసం స్టీరింగును కావాలనే అటూ ఇటూ కదుపుతారు. కంప్యూటరు దీన్ని ప్రమాదంగా లెక్కగట్టి, కదలడానికి మిగిలి ఉన్న కాస్త ఊపును కూడా బ్రేకులతో మింగేస్తుంది. సముద్రపు ఇసుకలోనూ ఇదే జరుగుతుంది. ఇసుకలో చక్రం విసురుగా తిరగడం మంచిది కాదు, గొయ్యి తవ్వుకుంటుంది. కానీ అక్కడ ఊపే ప్రాణం. ఆ ఊపును కంప్యూటరు ఒక్క క్షణం కోసినా బండి ఇరుసు దాకా కూరుకుపోతుంది.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. బండితో పాటు రావలసిన మాన్యువల్ పుస్తకం పాత యజమాని దగ్గరే పోయింది. గేరు పక్కన జారుతున్న కారు బొమ్మతో ఒక మీట ఉన్నదని చూశాను, నొక్కి చూశాను, దీపం వెలిగింది, అయినా బురదలో పెద్ద తేడా కనిపించలేదు. అందుకని ఈ మీట పనిచేయడం లేదని తీర్మానించుకుని తెలిసిన మెకానికు దగ్గరకు వెళ్లాను. ఆయన చాలా మంచి పనివాడు, గేరుబాక్సు విప్పితే చేతికి మట్టి అంటకుండా బిగించగలడు. నా కష్టం విని, “దీనికెందుకండీ అంత బెంగ, ఏబీఎస్ ఫ్యూజుకి ఓ స్విచ్చి పెట్టేత్తాను, మీకు కావాలన్నప్పుడు కట్ చేసుకోండి” అన్నారు. ఏబీఎస్ అంటే గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకును పట్టి వదిలే వ్యవస్థ, ట్రాక్షన్, స్టెబిలిటీ కంట్రోల్ రెండూ దాని మీదే ఆధారపడి పనిచేస్తాయి. “ఏం ఇబ్బంది ఉండదు కదండీ?” అని అడిగాను. “ఆయ్, ఏబీఎస్ లేని బళ్లు ఎన్ని నడవట్లేదండీ” అన్నారు. ఆ జవాబు నాకు సరిపోయింది. అరగంటలో స్టీరింగు కింద చిన్న స్విచ్చి వచ్చింది. అది వేస్తే డ్యాష్‌బోర్డు మీద మూడు దీపాలు వెలిగేవి, పుంతలో బండి ఏనుగులా నడిచేది.

ఆ మూడు దీపాలలో ఒకటి బ్రేకు దీపం. దాన్ని నేను పట్టించుకోలేదు. అది చెబుతున్న విషయం ఇది: బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి. అందువల్ల వెనక చక్రాలకు బ్రేకు ఒత్తిడి తక్కువగా అందాలి. పూర్వపు బండ్లలో ఈ పంపకాన్ని వెనక ఇరుసు దగ్గర ఉండే యాంత్రిక వాల్వు చేసేది. ఏబీఎస్ వచ్చాక చాలా మోడళ్లలో ఆ వాల్వును తీసేసి, పంపకాన్ని ఏబీఎస్ కంప్యూటరుకే అప్పగించారు. దానినే ఈబీడీ అంటారు. కాబట్టి ఏబీఎస్ లేకుండా పుట్టిన బండి వేరు, ఏబీఎస్‌తో పుట్టి దాని ఫ్యూజు తీసేసిన బండి వేరు. మొదటిదానికి వాల్వు ఉంది, రెండవదానికి ఏదీ లేదు. మెకానికు గారి మాటలో నాకు అప్పుడు దొరకని లోపం ఇదే.

నవంబరు నెలలో, సార్వా కోతలు ముమ్మరంగా సాగుతున్నప్పుడు, వాయుగుండం పట్టి రెండు రోజులు విడవకుండా వాన కురిసింది. ఉదయం చెరువు దగ్గరకు వెళ్లి వచ్చి, మధ్యాహ్నం అమ్మనూ మా ఆవిడనూ ఎక్కించుకుని చుట్టాల ఇంటికి వెళ్లాను. తిరుగు ప్రయాణంలో పి.గన్నవరం అక్విడెక్టు దాటి రాజోలు వైపు వస్తున్నాము. ఒకవైపు నిండు కాలువ, మరొకవైపు చేలు. కోసిన వరిని బయటికి తెచ్చిన ట్రాక్టర్లు చేను నుంచి రోడ్డెక్కిన ప్రతిచోటా తారు మీద అడుసు ముద్దలు వదిలాయి, వాన వాటిని వెన్నపూసలా చేసింది. వేగం 60 కూడా లేదు. చేను మళ్లలోంచి ఒక గేదె అకస్మాత్తుగా రోడ్డెక్కింది. బ్రేకు తొక్కాను. వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి, తోక కాలువ వైపు తిరిగింది. స్టీరింగు ఎటు తిప్పినా బండికీ నాకూ సంబంధం లేనట్టు అడ్డంగా జారి, గట్టు మీద ఉన్న నిద్రగన్నేరు మొదలుకు వెనక తలుపు గుద్దుకుని ఆగింది. దిగి చూస్తే ఎడమ వెనక చక్రం సగం గాలిలో ఉంది, దాని కింద కాలువ. ఆ చెట్టు రెండు గజాల ఇవతల ఉన్నా, అవతల ఉన్నా మేము నీళ్లలో ఉండేవాళ్లము. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఉదయం పుంతలో వేసిన స్విచ్చి ఆ సాయంత్రం దాకా అలాగే ఉంది.

కాలువ గట్ల మీది ప్రయాణం మన జీవితం. ఆనకట్ట కట్టిన నాటి నుంచి ఈ డెల్టాలో ఊళ్లను కలిపే దారులు చాలావరకు కాలువల వెంటే పెరిగాయి. చాలాచోట్ల అడ్డుగోడ లేదు. బయటి ప్రాంతంలో బండి జారితే పొలంలో ఆగవచ్చు, ఇక్కడ జారితే ఆగేది నీటిలో. స్టెబిలిటీ కంట్రోల్ అవసరం మైదానపు హైవేలకంటే మన గట్లకే ఎక్కువ అని నేను నమ్ముతున్నాను.

ఆ వారమే స్విచ్చి పీకించాను. తరువాత అదే మోడలు మాన్యువల్ పుస్తకం సంపాదించి మొదటి పేజీ నుంచి చదివాను. అసలు మీట రహస్యం అందులో ఒకే పేరాలో ఉంది. చటుక్కున ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది, స్టెబిలిటీ కంట్రోల్ ఆగదు. గాడులలో అది బ్రేకులు వేస్తూనే ఉంటుంది. బండిని పూర్తిగా నిలిపి, మీటను మూడు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే రెండూ ఆగుతాయి. చాలా కంపెనీల బండ్లలో పద్ధతి ఇంచుమించు ఇదే. ఇలా ఆపినప్పుడు ఏబీఎస్, ఈబీడీ చెక్కుచెదరవు. ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేస్తే అన్నీ తిరిగి పనిలోకి వస్తాయి, కొన్ని బండ్లలో వేగం ఒక హద్దు దాటగానే వాటంతట అవే వస్తాయి. 2012 మోడళ్ల నుంచి తేలికపాటి వాహనాలన్నింటికీ స్టెబిలిటీ కంట్రోల్‌ను తప్పనిసరి చేసిన అమెరికా నిబంధనలలో ఈ షరతు స్పష్టంగా ఉంది: ఆపే మీట పెట్టవచ్చు, కానీ ప్రతిసారి తాళం తిప్పినప్పుడు వ్యవస్థ తిరిగి మొదలు కావాలి. మినహాయింపు ఉన్నది బురద వంటి చోట్ల నెమ్మదిగా నడపడానికి ఉద్దేశించిన లో రేంజ్ గేరులో ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ వంటి వాటికే. మనిషి మరచిపోతాడని తెలిసినవారు రాసిన నిబంధన అది. నా స్విచ్చికి ఆ జ్ఞాపకం లేదు.

లో రేంజ్ మాట వచ్చింది కనుక చెబుతాను. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు చాలావాటిలో ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే లో రేంజ్ గేరు) వేసినా, ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్‌ను లాక్ చేసినా స్టెబిలిటీ కంట్రోల్ దానంతట అదే ఆగిపోతుంది. ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోయాక చక్రాల వేగాలలో తేడాను చూసి నిర్ణయించే వ్యవస్థ లెక్కలు తప్పుతాయి. మీట లేని బండి ఉన్నవారు ముందుగా ఫోర్ లో వేసి ఏ దీపం వెలుగుతుందో చూడాలి. మా పుంతకు నేను ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇదే.

అన్ని బురదలలోనూ అన్నింటినీ ఆపనక్కరలేదు. గట్టు తెగిన చోట దాటేటప్పుడు ఒక చక్రం గాలిలో వేలాడుతూ గిరగిర తిరుగుతుంటే, దాని జంట చక్రం గట్టి నేల మీద ఉండి కూడా కదలదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం ఇస్తుంది, గాలిలో ఉన్నదానికి ఎంత తక్కువ బలం చాలునో రెండవదానికీ అంతే దక్కుతుంది. అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ తిరిగే చక్రానికి బ్రేకు వేస్తే, ఆ బ్రేకును జయించడానికి కావలసినంత బలం నేల మీద ఉన్న చక్రానికి కూడా చేరి బండి కదులుతుంది. అటువంటి చోట దాన్ని ఆపకుండా, యాక్సిలరేటరును నిలకడగా తొక్కి ఉంచి రెండు మూడు సెకన్లు ఓపిక పట్టాలి. చాలామంది కరకర శబ్దం వినగానే కాలు తీసేస్తారు. డిఫరెన్షియల్ లాక్ ఉన్నవారికి ఈ బాధ లేదు. ఎక్కువసేపు అలా నడిపితే బ్రేకులు వేడెక్కి వ్యవస్థ తనను తానే కాసేపు ఆపుకుంటుంది, అది చెడిపోయిందని కంగారు పడవద్దు.

పాత బండి యజమానులు దీన్ని శాశ్వతంగా పీకేయించడానికి మరో కారణం ఉంది, దాని గురించి ఎక్కువగా రాయాలి. స్విచ్చి తీయించిన రెండు నెలలకు నా బండి ఎండిన రోడ్డు మీద, మామూలు మలుపులో, కారణం లేకుండా బ్రేకు పట్టి ఒక పక్కకు లాగింది. మెకానికు గారు ఈసారి కూడా ఫ్యూజు వైపే చూశారు. నేను ఒప్పుకోలేదు. స్కానరు పెట్టించి చూస్తే కుడి ముందు చక్రం వేగం మిగతా వాటికంటే తక్కువగా, గంతులు వేస్తూ కనిపించింది. చక్రం విప్పితే విషయం బయటపడింది. ఉప్పు గాలి, చెరువుల ఉప్పు నీరు కలిసి హబ్బు దగ్గర తుప్పు పొరలు లేపాయి. ఆ తుప్పు ఉబ్బి సెన్సారును దాని స్థానం నుంచి వెనక్కు నెట్టింది. సెన్సారు కొనకు ఇనుప రజను అంటుకుంది, కనెక్టరు లోపల రాగి పచ్చగా చిలుము పట్టింది. చక్రం ఆగిపోతోందని తప్పుడు కబురు అందితే కంప్యూటరు తప్పుడు నిర్ణయం తీసుకుంటుంది. తుప్పు గీకి, సెన్సారు కొత్తది వేసి, కనెక్టరు శుభ్రం చేయించాక ఆ జబ్బు మళ్లీ రాలేదు.

ఇటువంటివి మరికొన్ని చూశాను. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు టైర్లు వేసినా, రెండు కొత్తవి రెండు అరిగినవి వేసినా చుట్టుకొలతలో తేడా వచ్చి చక్రం జారుతోందని వ్యవస్థ భ్రమపడవచ్చు. వీల్ అలైన్‌మెంటు చేసినప్పుడు స్టీరింగు వంకరగా వదిలేస్తే, బండి నేరుగా పోతున్నా మలుపు తిరుగుతున్నట్టు సెన్సారు చెబుతుంది. అప్పుడు స్కానరుతో సున్నా స్థానాన్ని మళ్లీ నేర్పించాలి. పుంతలో వరిగడ్డి ఇరుసుకు చుట్టుకుని సెన్సారు తీగను తెంపిన సందర్భం కూడా నా బండిలోనే జరిగింది. ప్రతి వారం మకాం నుంచి వచ్చాక మంచినీటితో చక్రాల లోపలి వైపు కడిగించడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు నా పద్ధతి ఇలా ఉంది. అడుసు మొదలయ్యే ముందే, గట్టి నేల మీద ఆగుతాను. దిగబడ్డాక మీటలు వెతుక్కోవడం ఆలస్యం. టైర్లలో 32 పాయింట్ల గాలిని 22కు దించుతాను, ఇసుకలోకి పోవలసి వస్తే ఇంకాస్త దించుతాను. ఫోర్ లో వేసి, దీపం వెలిగిందని చూసుకుని, రెండవ గేరులో ఒకే ఊపున పోతాను. చక్రం ఒకేచోట తిరిగి గొయ్యి తీస్తున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపి, వచ్చిన గాడిలోనే వెనక్కు వస్తాను. అదీ కుదరకపోతే బండిలో ఎప్పుడూ ఉండే కొబ్బరి మట్టలు, డొక్కలు చక్రాల ముందు పరుస్తాను, కోనసీమలో వీటికి మించిన సాధనం నాకు దొరకలేదు. నర్సాపురం వైపు నుంచి బండ్లను ఏరు దాటించే పంటు దిగి, నీరు తగ్గి నున్నగా ఉన్న రేవు ఎక్కేటప్పుడు కూడా ఫోర్ లోనే వాడతాను. ఆ వాలులో ఇంజను శక్తి సగంలో తెగితే వెనక ఉన్నది వశిష్ఠ గోదావరి.

తిరిగి వచ్చేటప్పుడు చేసే పని ఇంకా ముఖ్యం. పుంత తారు రోడ్డును కలిసే చోట పాత కరెంటు స్తంభం ఒకటి ఉంది, దానికి తెల్ల రంగు వేయించాను. అక్కడ ఆగి టూ వీల్ డ్రైవ్‌లోకి మారుస్తాను, ఎందుకంటే నా బండిలాంటి, అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ ఎండిన తారు మీద మలుపులలో బిగుసుకుంటుంది. ఇంజను ఒకసారి ఆపి స్టార్టు చేస్తాను. జారుతున్న కారు బొమ్మ దీపం వెలిగి ఆరిపోవాలి, ఆరకపోతే రోడ్డెక్కను. చిన్న పంపుతో గాలి తిరిగి నింపుతాను, చక్రాలకు పట్టిన మట్టిని పారతో గీకేస్తాను. మనం రోడ్డు మీద వదిలిన ముద్ద మీద వెనక వచ్చే మోటారు సైకిలు జారవచ్చు, ఆ నవంబరు రోజు నేను జారినట్టే. మా అబ్బాయి ఈ ఏడాదే లైసెన్సు తీసుకున్నాడు. మొన్న జూలై వానలలో వాణ్ణి ఒంటరిగా చెరువు దగ్గరకు పంపాను. “నాన్నా, స్తంభం దగ్గర ఉన్నాను, దీపం ఆరింది, బయలుదేరుతున్నాను” అని వాడు ఫోను చేశాడు.